ఎర్ర లైటు పడగానే ఈగ వెనక్కి నడిచింది: ఇది దీపానికి పురుగులు రావడం లాంటిదేనా?

నల్లమల టీచర్, అచ్చంపేట

అందరికీ నమస్కారం. అచ్చంపేట దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెప్తాను. పదో తరగతికి నాడీ వ్యవస్థ పాఠం అయ్యాక ప్రొజెక్టర్ మీద పిల్లలకు చిన్న వీడియో ఒకటి వేశాను. గాజు పలక మీద రెండు మూడు మిల్లీమీటర్ల ఈగ ఒకటి మామూలుగా ముందుకు నడుస్తూ ఉంటుంది. ఎర్ర లైటు వెలుగుతుంది. ఈగ టక్కున ఆగి, వెనక్కి నడవడం మొదలుపెడుతుంది. లైటు ఆరితే మళ్ళీ ముందుకు, వెలిగితే మళ్ళీ వెనక్కి. వెలుగుతో మెదడు కణాలను పనిచేయించే పద్ధతి అని, దాన్ని ఆప్టోజెనెటిక్స్ అంటారని వీడియోలో చెప్పారు.

పిల్లలు చప్పట్లు కొట్టారు. వెనక బెంచీలో ఉన్న ఒక పిల్లవాడు మాత్రం లేచి, "మేడం, వానలు మొదలైతే మా ఇంటి ముందు బుగ్గ చుట్టూ ఉసిళ్ళు తిరుగుతయి. వాటిని గూడ లైటే తిప్పుతది గదా, ఇండ్ల కొత్తేమున్నది?" అన్నాడు. క్లాసంతా వాడి వైపు తిరిగింది. వాడి ప్రశ్నకు పైపై జవాబు చెప్పి కూర్చోబెట్టడం నాకు ఇష్టం లేదు. తెలిసినవాళ్ళను అడిగి సోమవారం చెప్తానని మాట ఇచ్చాను.

తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి. ఇది దీపానికి పురుగులు రావడం లాంటిదేనా? కాకపోతే తేడా ఎక్కడుంది? వెలుగు పురుగు తల లోపలికి ఎట్లా పోతుంది? మనుషుల మీద కూడా ఇట్లా చేస్తారా అని ఆడపిల్లలు ఇద్దరు ముగ్గురు కొంచెం భయంగానే అడిగారు. ఇంకొక మాట, మా బడిలో మైక్రోస్కోపు ఒక్కటే ఉంది. దాంతో, టార్చితో పిల్లలు తమ చేతులతో చేయగలిగింది ఏదైనా ఉంటే అది కూడా రాయండి.

హాలియా రైతు

నమస్తే టీచరమ్మా. పుస్తకాల సంగతి చదువుకున్నోళ్ళు చెప్తరు, నేను చేన్ల చూసింది చెప్త. మాకు సాగర్ ఎడమ కాలువ కింద వరి, మెట్ట మీద పత్తి ఉన్నది. వరి మడికాడ దీపపు ఎర పెడుతం. కింద తాంబాళంల నీళ్ళు, నీళ్ళ మీద ఇంత కిరోసిన్. తెల్లారి చూస్తే కాండం తొలిచే పురుగు రెక్కల పురుగులు ఉంటయి, దాంతోపాటు పేడ పురుగులు, అక్షింతల పురుగులు, పంటకు మేలు చేసేటియి గూడ పడి ఉంటయి. దీపానికి మంచిది చెడ్డది తెల్వది.

పత్తిల లింగాకర్షక బుట్టలు కడుతం. గులాబీ రంగు పురుగు కోసం పెట్టిన బుట్టల ఆ ఒక్క రకమే పడుతది, అది గూడ మగయే. ఎర రబ్బరు ముక్క చూస్తే చిటికెన వేలి గోరంత ఉంటది. చేనంత ఎన్ని రకాల పురుగులున్నా దానికి పలికేది ఆ ఒక్కటే. మీ పిల్లగాడు అడిగినదాంట్ల ఈ తేడా పనికొస్తదేమో చూడుండ్రి.

నాది గూడ ఒక ప్రశ్న ఉన్నది. మొన్న ఒకాయన మా దిక్కు ఊర్లల్ల తిరుక్కుంట, పురుగు మెదడును లైటుతోని కంట్రోల్ చేసే మిషన్ అని అమ్ముతున్నడు. ఎర్ర, నీలం బుగ్గలు మార్చి మార్చి వెలుగుతయి. ఎకరానికి ఒకటి పెడితే పురుగు పత్తికి రాకుండ వెనక్కి మళ్ళుతదట. ఫోన్ల వీడియో గూడ చూపెట్టిండు, టీచరమ్మ చెప్పిన ఈగ వీడియోనే అనుకుంట. కొనాల్నా వద్దా?

ఈగల గది, జడ్చర్ల / బెంగళూరు

అన్నా, ముందు మీకే చెప్త: కొనకండి. ఎందుకో కింద వివరంగ రాస్తున్న.

మేడం, మాది జడ్చర్ల దగ్గర ఊరు. పాలమూరు యూనివర్సిటీలో ఎమ్మెస్సీ జువాలజీ చేసి, ఇప్పుడు బెంగళూరులో ఒక ల్యాబ్‌లో ఈగల మీదనే పీహెచ్‌డీ చేస్తున్న. వీడియోలో ఉన్నట్టి ఈగలనే మేము రోజూ పెంచుతం. మామిడికాయను పాడుచేసే పెద్ద పండు ఈగ కాదు ఇది. కల్లు ముంతల మీద, మాగిన అరటిపండ్ల మీద ముసిరే చిన్న గోధుమ రంగు ఈగ, డ్రోసోఫిలా.

ముందు మీ పిల్లవాడి ప్రశ్న. వాడు చాలా మంచిది అడిగిండు. ఉసిళ్ళను బుగ్గ తిప్పేది వాటి కండ్ల ద్వారా. 2024లో నేచర్ కమ్యూనికేషన్స్‌లో ఒక పరిశోధన వచ్చింది, దీపం చుట్టూ తిరిగే పురుగులను హైస్పీడ్ కెమెరాలతోని తీసి చూసిన్రు. ఎగిరే పురుగు తన వీపును ఎప్పుడూ వెలుతురు దిక్కు పెట్టుకుంటది. రాత్రిపూట గూడ నేలకంటే ఆకాశమే వెలుతురుగ ఉంటది కాబట్టి పైన ఏది, కింద ఏది అని దానికి అట్లనే తెలుస్తది. మధ్యల బుగ్గ వచ్చేసరికి వీపు దాని దిక్కు తిరుగుతది, ఒళ్ళు ఒరుగుతది, ఒరిగినకొద్ది దారి వంకర పోయి బుగ్గ చుట్టే తిరుగుతది. బుగ్గను కింద పెడితే ఎగిరేది తలకిందులై దభీమని పడుతది. అంటే అక్కడ వెలుగు పురుగుకున్న సొంత అలవాటును తప్పుదారి పట్టిస్తున్నది. కండ్లు మూస్తే ఆట బంద్.

వీడియోలో ఈగకు కండ్లతో పనిలేదు. ఎర్ర వెలుగు దాని కంటికి ఆననే ఆనదు, ఆనినా చాలా తక్కువ. ఎర్ర లైటును వాడేదే అందుకు. ఆ వెలుగు నేరుగ తల లోపలి నాడీకణాలకు తగుల్తది. అన్నిటికీ తగుల్తది గని, మనం ముందే ఎంచుకున్న కొన్ని కణాలే పలుకుతయి. హాలియా అన్న చెప్పిన బుట్ట సంగతి ఇక్కడ సరిగ్గ సరిపోతది: చేనంత ఉన్నా ఒక్కటే పలికే సంకేతం.

కొన్ని కణాలే ఎందుకు పలుకుతయి? చెరువుల్లో, కుంటల్లో పచ్చగ పెరిగే క్లామిడోమోనాస్ అనే ఏకకణ శైవలం ఉన్నది గదా. దానికి ఒక కంటిచుక్క ఉంటది, దాంతోనే వెలుతురు దిక్కు ఈదుతది. ఆ చుక్క దగ్గర ఉండే ప్రొటీన్ పేరు చానెల్‌రొడాప్సిన్. జర్మనీలో పీటర్ హెగెమన్, జార్జ్ నేగెల్, ఎర్న్‌స్ట్ బాంబెర్గ్ వాళ్ళు 2002, 2003లో ఇది ఎట్ల పనిచేస్తదో బయటపెట్టిన్రు. కణం పొరలో ఇది ఒక తలుపు. ఇందులో రెటినాల్ అనే అణువు ఇరుక్కొని ఉంటది, విటమిన్ ఏ కుటుంబమే. నీలి వెలుగు తగిలితే రెటినాల్ ఆకారం వంగుతది, తలుపు తెరుచుకుంటది, సోడియం లాంటి అయాన్లు లోపలికి ఉరుకుతయి. నాడీకణం పొరలో ఈ తలుపు ఉంటే, వెలుగు పడిన కొన్ని మిల్లీసెకండ్లలోనే కణం సంకేతం పంపుతది. స్టాన్‌ఫర్డ్‌లో ఎడ్ బాయ్డెన్, కార్ల్ డీసెరాత్ బృందం 2005లో దీన్ని ఎలుక జాతి నాడీకణాల్లో పెట్టి చూపెట్టింది.

పురుగుల్లో మొదటి మెట్టు వేరేది. అదే 2005లో యేల్‌లో సుసానా లిమా, గెరో మీసెన్‌బాక్ ఈగల మీద చేసిన్రు. వాళ్ళు వాడింది శైవలం ప్రొటీన్ కాదు. ఏటీపీ (కణాలకు శక్తినిచ్చే అణువు) తగిలితే తెరుచుకునే ఒక చానెల్‌ను, అంటే ఇంకో రకం తలుపును, ఈగ పారిపోవడానికి వాడుకునే పెద్ద నాడీకణాల వ్యవస్థలో పెట్టి, ఏటీపీని ఒక రసాయన ముసుగులో దాచి ఎక్కించి, లేజర్ మెరుపుతో ఆ ముసుగు తీసిన్రు. మెరుపు పడంగనే ఈగ ఎగిరి దుంకింది, రెక్కలు కొట్టింది. మీ పిల్లవాడు అడిగిన ప్రశ్ననే వాళ్ళను గూడ ఎవరైనా అడుగుతరు గదా, "మెరుపు చూసి బెదిరిందేమో" అని. అందుకే పుట్టుకతో చూపు పనిచేయని ఈగల్లో గూడ చేసిన్రు. అవి గూడ అట్లనే దుంకినయి. ఈ మాట మీ క్లాసులో తప్పక చెప్పండి మేడం, వాడి ప్రశ్నకు సూటి జవాబు ఇదే.

ఇప్పుడు, ఎంచుకున్న కణాల్లోనే ఆ తలుపు ఎట్ల వస్తది? ఆండ్రియా బ్రాండ్, నోర్బర్ట్ పెరిమాన్ 1993లో తయారుచేసిన గాల్4-యూఏఎస్ పద్ధతి ఉన్నది. ఒక ఈగ జాతిలో గాల్4 అనే ఈస్టు ప్రొటీన్ కొన్ని కణాల్లోనే తయారైతది. ఇంకో జాతిలో చానెల్ జన్యువు ఉంటది గని, గాల్4 దొరికితే తప్ప అది మేల్కొనదు. రెండింటినీ జతకలిపితే, పుట్టిన పిల్లల్లో ఆ కొన్ని కణాల్లోనే చానెల్ వస్తది. మన దగ్గర బోరు మోటరుకు మొబైల్ స్టార్టర్ పెట్టుకుంటరు గదా: ఫోను సిగ్నల్ ఊరంత ఉంటది, డబ్బా బిగించిన మోటరే తిరుగుతది, పక్క చేను మోటరుకు ఏమీ తెల్వది. వెలుగు గూడ ఈగ ఒళ్ళంత పడుతది, తలుపు ఉన్న కణమే పలుకుతది.

ఇది చెప్పినంత తేలికగ కాదు, చాలా చేతిపని ఉంటది. మక్క పిండి, చక్కెర, ఈస్టు, గడ్డకట్టించే అగర్ పొడి ఉడకబెట్టి చిన్న సీసాల్లో పోస్తం, దూది బిరడా పెడతం. 25 డిగ్రీల దగ్గర గుడ్డు నుంచి ఈగ దాకా పది రోజులు. జతకట్టని ఆడ ఈగలే కావాలె, లేకపోతే పిల్లలు ఎవరి పిల్లలో తెల్వదు. అందుకే పొద్దుగాల సీసాలు ఖాళీ చేసి, ఎనిమిది గంటల లోపల బయటికొచ్చినవాటిని ఏరుతం. కార్బన్ డయాక్సైడ్ పలక మీద మత్తుగ పడి ఉంటయి, సన్న కుంచెతోని పక్కకు జరుపుతం. అప్పుడే వచ్చిన ఈగ తెల్లగ, కొంచెం ఉబ్బి ఉంటది. పొట్ట పక్కన పలుచటి తోలు కింద నల్ల చుక్క కనిపిస్తది, ఇంకా బయటికి పోని మొదటి మలం. ఆ చుక్క ఉంటే అది మనకు పనికొస్తది. జన్యువు సరిగ్గ అందిందా లేదా అనేది రెక్కలు చెప్తయి: చివరలు పైకి వంకర తిరిగినయి పక్కకు, తిన్నగ ఉన్నయి మనకు.

వీటన్నిటికంటే నాకు ముఖ్యమైంది ఇంకో సీసా. ఈగ తన ఒంట్లో చానెల్‌కు సరిపోయేంత రెటినాల్ చేసుకోదు, మేతలో కలిపి పెట్టాలె. వెలుతురుకు అది పాడైతది కాబట్టి సీసాకు అల్యూమినియం ఫాయిల్ చుట్టి చీకట్లో ఉంచుతం. దాని పక్కన, అవే తల్లిదండ్రుల పిల్లలను రెటినాల్ లేని మేత మీద పెంచుతం. తర్వాత రెండింటి మీదా ఒకే ఎర్ర లైటు. రెటినాల్ తిన్నది వెనక్కి నడుస్తది. తిననిది తన దారిన తాను ముందుకు పోతది. అదే జన్యువు, అదే లైటు, అదే వేడి, అయినా ఏమీ కాదు. ఈ రెండో సీసా లేని వీడియోను నేను నమ్మను. మీ పిల్లలను గూడ నమ్మొద్దని చెప్పండి.

వెనక్కి నడిపించే కణాల పేరు మూన్‌వాకర్ నాడీకణాలు. 2014లో బయటపడ్డయి, మొదట వేడికి తెరుచుకునే చానెల్‌తోని, తర్వాత వెలుగుతోని. ఈగ మెదడులో సుమారు 1,39,000 నాడీకణాలున్నయని 2024లో పూర్తి పటం గీసి చూపిన్రు. వాటిలో ఈ పని చేయించేవి ఒక్కో పక్క రెండేసి.

ఇదంతా ఎందుకు అంటే, పూర్వం ఏమి చూడగలిగేవాళ్ళు? ఈగ నడుస్తుంటే ఫలానా కణం చురుకుగ ఉన్నదని. అది నడకకు కారణమా, నడక వల్ల చురుకైందా, తేలకపోయేది. వెలుగుతోని ఆ కణాన్ని మనమే కదిలిస్తే తేలుతది. తీపిని పసిగట్టే కణాల మీద వెలుగు వేస్తే, చక్కెర బొట్టు గూడ లేకుండనే ఈగ మూతి గొట్టం చాపుతది. మైక్రోస్కోపు కింద అది చూసినప్పుడల్లా నేను కాసేపు పని ఆపి చూస్తనే ఉంట. 2008లో ఆడ ఈగలతోని, మగవి మాత్రమే రెక్కతో పాడే జత పాట పాడించిన్రు. అంటే పాట యంత్రాంగం ఆడదాంట్ల గూడ ఉన్నది, దాన్ని నడిపించే ఆజ్ఞే లేదు. 2009లో డోపమిన్ అనే సంకేత రసాయనాన్ని వదిలే 12 కణాలను ఒక వాసనతోపాటు వెలుగుతో కదిలిస్తే, ఆ తర్వాత ఈగ ఆ వాసనకు దూరం జరిగింది. జరగని దెబ్బను గుర్తుపెట్టుకున్నది.

పిల్లలకు మన దేశం సంగతి గూడ చెప్పండి. ఒబైద్ సిద్దిఖీ 1970లలోనే బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్‌లో ఈగ రుచి, వాసన జన్యువుల మీద పని మొదలుపెట్టిండు. ఆయన శిష్యురాలు వెరోనికా రోడ్రిగ్స్. తర్వాత బెంగళూరులో ఎన్‌సీబీఎస్ అనే జీవశాస్త్ర పరిశోధన కేంద్రం పెట్టింది గూడ ఆయనే. మనకు దగ్గర్లో అంటే హైదరాబాద్ హబ్సిగూడలోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన కేంద్రంలో ఈగల మీద పరిశోధన జరిగింది.

నల్లమల టీచర్, అచ్చంపేట

చాలా సంతోషం అమ్మా. చూపులేని ఈగల ప్రయోగం, రెటినాల్ లేని రెండో సీసా, ఈ రెండూ బోర్డు మీద రాసి పిల్లలతోనే వాదన చేయిస్తాను. అచ్చంపేట పిల్లలకు జడ్చర్ల అమ్మాయి చెప్పిందంటే ఆ బలమే వేరు.

రెండు మాటలు మిగిలాయి. పురుగు పైతోలు గట్టిగా ఉంటుంది కదా, వెలుగు దాన్ని దాటుతుందా? మనుషుల సంగతి కూడా చెప్పు. పిల్లలు భయపడుతున్నారని రాశాను కదా.

హాలియా రైతు

చెల్లె, కొనొద్దని ఒక్క మాటల చెప్పినవు, మంచిదే. కానీ ఆయన ఊరోళ్ళను నలుగురిని కూడగట్టి సైన్సు అంటున్నడు. నేను పోయి ఏమని చెప్పాలె? అట్లనే, ఇంత చదువు మా పంటకు ఎప్పటికన్నా అక్కరకొస్తదా?

ఈగల గది, జడ్చర్ల / బెంగళూరు

మేడం, వెలుగు దాటుతది, రంగును బట్టి. క్లాసులో గది చీకటి చేసి, ఫోన్ టార్చి మీద అరచెయ్యి పెట్టి చూపించండి. వేళ్ళ సందులు ఎర్రగ మెరుస్తయి. మిగిలిన రంగులను ఒళ్ళు మింగేస్తది, ఎర్రది ఎక్కువ లోతుకు పోతది. ఈగ తోలు గూడ అంతే. మొదట్లో దొరికిన చానెల్ నీలి వెలుగుది కాబట్టి 2006లో జర్మనీ వాళ్ళు పారదర్శకంగ ఉండే ఈగ పిల్లపురుగుల మీద చేసిన్రు. పెద్ద ఈగలో లోపలికి వెలుగు సరిగ్గ అందకపోయేది, పైగా నీలి వెలుగును ఈగ బాగ చూస్తది, కలవరపడుతది. 2014లో ఎర్ర వెలుగుకు పలికే సీఎస్‌క్రిమ్సన్ అనే చానెల్ వచ్చినంక, స్వేచ్ఛగ తిరిగే ఈగలతోని పని సులువైంది. కణాలను నిద్రపుచ్చే చానెళ్ళు గూడ ఉన్నయి, ఇంకో శైవలం నుంచి తీసిన జీటీఏసీఆర్ అని. వెలుగు పడితే క్లోరైడ్‌ను లోపలికి వదిలి కణం నోరు మూయిస్తది. ఒకదాంతో కదిలించి, ఇంకోదాంతో ఆపి, రెండు వైపుల నుంచి సరిచూసుకుంటం.

మనుషుల సంగతి: భయపడొద్దని చెప్పండి. జన్యువు ఎక్కించకుండ ఏ లైటూ ఎవరి మెదడునూ నడపలేదు. డాక్టర్లు దీన్ని వాడింది చూపు కోసం. రెటినైటిస్ పిగ్మెంటోసాతో చూపు పోయిన 58 ఏండ్ల ఒకాయనకు ఒక కంట్లో ఇట్లాంటి ఎర్ర వెలుగు చానెల్ జన్యువును వైరస్ ద్వారా ఎక్కించిన్రు. ప్రత్యేకమైన అద్దాలు పెట్టుకుంటే బల్ల మీది వస్తువు ఎక్కడుందో గుర్తుపట్టిండు, చెయ్యి చాపి తాకిండు. 2021లో నేచర్ మెడిసిన్‌లో వచ్చింది. చెరువు పాచి నుంచి వచ్చిన ప్రొటీన్ ఒక మనిషికి కొంచెం చూపు ఇచ్చింది. నేను ఈ పనిలోకి రావడానికి అది గూడ ఒక కారణం.

అన్నా, ఆ మిషనాయనను ఇట్ల అడుగుండ్రి. "మా చేను మీద పురుగుల్లో నువ్వు ఎప్పుడు జన్యువు పెట్టినవు? వాటికి రెటినాల్ ఎవరు తినిపించిన్రు?" ఈ రెండు జరగకుంటే ఎర్ర లైటుకు ఏ కణమూ పలకదు. మా సీసాలోని ఈగ తరతరాలుగ ల్యాబ్‌లో పెంచింది, చేన్ల పురుగు దేవుడు పుట్టించింది. మన దేశంలో జన్యువు మార్చిన ఏ ప్రాణినైనా ల్యాబ్‌లో పెట్టుకోవాలన్నా జీవభద్రత కమిటీ అనుమతి కావాలె, 1989 నుంచి నియమాలున్నయి. అనుమతి లేకుండ బయట వదలడం అసలే కుదరదు. ఇంకోటి, నీలం బుగ్గలు రాత్రంత వెలిగితే రెక్కల పురుగులను మీరే చేనుకు పిలుచుకున్నట్టు అయితది. నలుగురి ముందర గట్టిగనే చెప్పుండ్రి. మీ కష్టం పైసలు అవి.

అక్కరకొస్తదా అంటే, వస్తది, కానీ చేన్ల లైటు పెట్టి కాదు. ల్యాబ్‌లో ఏ కణం ఏ పని చేయిస్తదో తేలితే, ఆ కణానికి పలికే వాసననో, దాన్ని ఆపే మందునో వెతకొచ్చు. దోమ సంగతి చూడుండ్రి. 2022లో న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీ వాళ్ళు, డెంగీ తెచ్చే ఏడిస్ దోమలో మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పసిగట్టే కణాల్లో ఈ చానెల్ పెట్టిన్రు. మనిషి లేడు, ఊపిరి లేదు, 5 సెకండ్లు వెలుగు మాత్రమే. ఆడ దోమ పది నిమిషాలకు పైగా మనిషి కోసం వెతికే కాకలోనే ఉన్నది. అంటే ఒక్కసారి మన ఊపిరి తగిలి పోయినా, దోమ మనలను అంత సేపు మరువదు. దోమను మళ్ళించే మందు చేసేవాళ్ళు ఈ పది నిమిషాలను లెక్కలోకి తీసుకోవాలె.

మీ లింగాకర్షక బుట్ట గూడ అదే బాట. ఆడ రెక్కల పురుగు వాసనకు మగదాని మీసాల్లోని కొన్ని కణాలే పలుకుతయి, మీరు ఆ కణాలతోనే మాట్లాడుతున్నరు. బుట్టలను వదలకండి. ఎర పాతబడితే మార్చండి, ఏ పురుగు బుట్టకు ఆ పురుగు ఎరనే పెట్టండి, పడ్డయి రాసిపెట్టుకోండి. ఆ మిషన్ కంటే అది వెయ్యి రెట్లు నిజమైన సైన్సు.

బత్తాయి తోట, నల్లగొండ

అక్కా, నేను నల్లగొండ ఎంజీ యూనివర్సిటీల ఎమ్మెస్సీ జువాలజీ చదువుతున్న. మీ పోస్టు మా క్లాసు గ్రూపుల పెట్టిన. మేడం, బడిలో చేయించడానికి మేం చేసిన ఒక ప్రయోగం చెప్త. జన్యువులు మార్చేది ఏమీ లేదు, ఈగ పిల్లపురుగు తన కండ్లతోని, ఒంటితోని వెలుగుకు ఎట్ల పలుకుతదో చూడొచ్చు.

బాగ మాగిన అరటిపండు ముక్క సీసాలో వేసి, మూతి మీద కాగితం గరాటు పెట్టి వంటింట్ల ఉంచుండ్రి. మేమైతే తోటల రాలిపోయి పులిసిన బత్తాయిలు గూడ పెట్టినం, ఈగలు రానే వచ్చినయి. కొన్ని రాంగనే గరాటు తీసి దూది పెట్టాలె. గుడ్లు పెట్టినంక మూడు నాలుగు రోజులకు పండు గుజ్జుల తెల్లని పిల్లపురుగులు మెదులుతయి. గోడ ఎక్కుతున్నయి వద్దు, అవి తిండి మాని పుప్పా కావడానికి పోతున్నయి, వెలుగును అంత పట్టించుకోవు. గుజ్జుల తింటున్నవాటినే కుంచెతోని తీసి, నీళ్ళల్ల కడిగి, అగర్ పోసిన పెట్రి పళ్ళెం నడిమిట్ల వదలాలె. అగర్ దొరకకుంటే తడి వడపోత కాగితం సరిపోతది. పళ్ళెం సగం మూతకు నల్ల కాగితం అతికించి, పైనుంచి ఎల్ఈడీ టార్చి వేయండి. కొన్ని నిమిషాలల్ల ఎక్కువ భాగం చీకటి దిక్కు చేరుతయి. తర్వాత టార్చికి ఎర్ర జిలుగు కాగితం రెండు మూడు మడతలు చుట్టి మళ్ళీ చేస్తే, రెండు దిక్కులా తిరుగుతనే ఉంటయి. ఎర్ర వెలుగు వాటికి వెలుగు కిందనే లెక్కలేదు.

ఇవి ఇప్పుడే చేయండి. ఎండలు ముదిరితే మన దగ్గర ఈగలు నిలవవు. 30 డిగ్రీలు దాటితే మగయి గొడ్డుబోతయి, సీసాలల్ల పిల్లలుండవు. మేం ఎండాకాలం సీసాలను తడి ఇసుక పోసిన మట్టి తొట్టిల పెట్టి కాపాడుకుంటం.

ఈగల గది, జడ్చర్ల / బెంగళూరు

చెల్లె, చాలా బాగ చెప్పినవు. మేడం, దీనికి మూడు జాగ్రత్తలు కలపండి. పాత పసుపు బుగ్గ వాడకండి, అది వేడి పుట్టిస్తది. పురుగు వేడికి పోయిందా వెలుగుకు పోయిందా తెల్వదు. ఎర్ర కాగితం చుట్టినప్పుడు వెలుగు మొత్తంగనే తగ్గిపోతది కాబట్టి, అదే మసకతోని తెల్ల వెలుగు గూడ ఒకసారి వేసి చూడాలె. టార్చికి తెల్ల కాగితాలు అడ్డం పెడితే చాలు. లేకపోతే రంగు వల్లనా మసక వల్లనా అనే పేచీ మిగుల్తది. ఒకసారి నల్ల కాగితం ఎడమకు, ఇంకోసారి కుడికి మార్చండి, బల్ల వాలు ఉంటే అది గూడ తేలిపోతది.

లెక్కపెట్టే పని ఆ వెనక బెంచీ పిల్లవాడికి ఇవ్వండి. టార్చికి ఏ కాగితం చుట్టిన్రో వాడికి చెప్పొద్దు. మూత తీసి, టార్చి ఆర్పి, పళ్ళెం వాడి ముందర పెట్టండి. వాడు రాసుకున్న అంకెలు ఇక్కడ పెడితే మా ల్యాబ్ గోడ మీద అతికిస్త.